విరగని రాడ్డు

సమితులు పోయి మండలాలు వచ్చిన కొత్తలో, నారాయణఖేడ్ పక్క ఊరి పటేల్ ఒకాయన సర్కారు వేలంలో పాత జీపు కొన్నాడు. ఎందరో బీడీవోలు ఎక్కి తిరిగి అరగదీసిన బండి. టాపు చినిగింది, సీట్లలోంచి కొబ్బరిపీచు బయటికొచ్చింది, స్పీడు చూపే ముల్లు ఏనాడో పడుకుంది. అయినా పటేల్ పట్టుబట్టి పాట పెంచాడు. ఆయన చూపంతా డ్రైవరు కాళ్ల దగ్గర ఉంది. అక్కడ పెద్ద గేరు రాడ్డు పక్కన ఇంకో రెండు పొట్టి రాడ్లున్నాయి. ఒకటి లాగితే వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలూ ఇంజను జోరుకు తిరుగుతాయి. ఇంకొకటి లాగితే బండి నడక సగానికన్నా తగ్గి, లాగే సత్తువ అంతకంత పెరుగుతుంది. ఊరి పిల్లలు మొదటిదానికి ముందురాడ్డు అని, రెండోదానికి బలంరాడ్డు అని పేర్లు పెట్టేశారు. పెద్దవాళ్లూ అవే పట్టుకున్నారు.

ఆ తట్టు భూముల్లో నల్లరేగడి ఎక్కువ. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. నాలుగు వానలు పడ్డాయంటే చక్రానికి చుట్టుకుని ఊడిరాదు. బండ్లు ఇరుసుదాకా దిగబడితే ఎద్దులను విప్పి ఊరికి మళ్లించుకుని, బండిని అక్కడే వదిలి వచ్చేవాళ్లు. జీపు వచ్చాక ఆ బాధ తప్పింది. ఎవరి బండి దిగబడ్డా పటేల్ ఇంటికి పరుగు. డ్రైవరు వచ్చి ముందురాడ్డు వేసి, బలంరాడ్డు వేసి, గొలుసు తగిలించి మెల్లగా బయటికి లాగేవాడు. ఖేడ్ అంగడికి పోయే జనం కూడా వానాకాలంలో పటేల్ జీపు ఎప్పుడు కదులుతుందా అని చూసేవాళ్లు.

మూడో ఏడు శ్రావణంలో ఒకనాడు కందిచేను పక్క వాగు ఒడ్డున డ్రైవరు ముందురాడ్డు వేశాడు. అది వచ్చింది. బలంరాడ్డు లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు. కదల్లేదు. వెనక కూచున్న పటేల్ బావమరిది నవ్వాడు.

"పొద్దున సద్ది తినలేదాయె మావోడు."

డ్రైవరుకు రోషమొచ్చింది. రెండు చేతులతో పట్టి, కాళ్లు తన్నిపెట్టి గుంజాడు. టక్కుమంది. రాడ్డు చేతిలోకి వచ్చింది.

మరునాడు దాన్ని ఖేడ్‌లో వెల్డింగ్ షాపుకు తీసుకుపోయాడు. షాపు పిల్లాడు విరిగిన రెండు ముక్కలూ కలిపి చూసి, "గింతేనా అన్నా, సాయంత్రానికి కొత్తది చేసిస్త" అన్నాడు. ఇల్లు కట్టే సలాకు ముక్క తీసుకుని, కొలిచి, వంచి, పాతదాని పక్కన పెట్టి సరిచూసి, పైన పాత మంచం బుడిపె ఒకటి అతికించాడు. చూడ్డానికి పాతదానికన్నా ముచ్చటగా ఉంది. వాగు దగ్గర లాగితే మెల్లగా వంగి సీటు దిక్కు తిరిగి కూచుంది. బలంరాడ్డు మాత్రం పడలేదు.

రెండోది లారీ కమాన్ పట్టాతో చేశాడు. పట్టా కోసి, ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచాడు. ఆకురాయి రుద్దితే జారిపోయింది. అంత గట్టిగా వచ్చిందని పిల్లాడికి సంబరం. అది వంగలేదు. వంగకుండానే, మోకాలి వంపు దగ్గర కచక్కున తెగింది. డ్రైవరు అరచెయ్యి కోసుకుపోయింది.

అప్పుడు పటేల్ బీదర్ పోయాడు. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాలు విడదీసినప్పుడు మెదక్‌లో కలిపారు, 2016లో సంగారెడ్డి జిల్లాకు పోయింది. కాగితాల మీద ఎటు కలిపినా ఖరాదు పని పడితే అప్పట్లో ఖేడ్ వాళ్ల కాళ్లు బీదర్ దిక్కే పోయేవి. అక్కడి ఉస్తాద్ తెగిన ముక్కను వెలుతురులో తిప్పి చూశాడు. తెగినచోట సన్నటి బూడిదరంగు గింజ కనబడింది.

"పిల్లగాడు లోహానికి నీళ్లు తాపిండు పటేల్ సాబ్. తాపినంక దాని కోపం జర తగ్గియ్యాలె గదా? గది మరిచిండు."

ఉస్తాద్ పని చూడముచ్చటగా చేశాడు. పట్టాను కాల్చి నూనెలో చల్లార్చాడు. ఒక పక్క అద్దంలా సానబట్టి, మళ్లీ సన్నసెగ మీద పెట్టాడు. మెరిసే ఇనుము మీద మొదట గడ్డిరంగు, తర్వాత ఊదా పాకి, నీలం దిగేదాకా కదలకుండా చూశాడు. నీలం రాగానే తీసి పక్కన పెట్టాడు. బొటనవేలంత మందం. "ఈ రాడ్డు ఇరిగితే నా ఖరాదు మెషీను మీ ఇంట్ల పెట్టిపోత" అన్నాడు. పటేల్ అడిగినదానికన్నా ఎక్కువే ఇచ్చాడు. ఇంటికొచ్చి, అవసరానికి ఉంటుందని రెండు మూరల ఇనుప పైపు కూడా సీటు కింద పెట్టించాడు. రాడ్డుకు తొడిగి లాగితే బలం పెరుగుతుంది కదా.

పెసర కోత వచ్చింది. కోసిన పెసర మీద వాన పడితే కాయలోనే మొలకొస్తుంది, ఇక దాన్ని కొనేవాడుండడు. కళ్లంలో సంచులు నింపి జీపుకెత్తారు. మబ్బు దిగింది. వాగు దగ్గరికి రాగానే చక్రాలు కూరుకుపోయాయి. డ్రైవరు ముందురాడ్డు వేశాడు, బలంరాడ్డు పట్టాడు. కదల్లేదు. పైపు తొడిగారు. డ్రైవరు ఒక పక్క, బావమరిది ఒక పక్క, మధ్యలో పటేల్ కూడా చెయ్యేశాడు. ముగ్గురూ కలిసి గుంజారు.

ఉస్తాద్ మాట నిలబడింది. రాడ్డు విరగలేదు. వంగనైనా వంగలేదు. జీపు కింద, ఇనుప పెట్టె లోపల ఏదో పగిలిన చప్పుడైంది. ఆ తర్వాత ఏ గేరు వేసినా ఇంజను అరవడమే గానీ చక్రం తిరగలేదు. పెసర సంచులు వానలో దించి, రెండు జతల ఎద్దులను కట్టి జీపును ఊళ్లోకి ఈడ్చుకొచ్చారు. పెసలు మొలకెత్తాయి.

ఈడ్చుకొచ్చిన జీపును కమ్మరి కొలిమి పక్క ఖాళీ జాగాలో నిలబెట్టారు. వేరే చోటు లేక నిలబెట్టారంతే, ఆయన్ను అడగాలని ఎవరికీ తోచలేదు. కర్రులు సాగగొట్టి, కొడవళ్లకు కక్కు కొట్టే ముసలాయనకు మోటారు సంగతి ఏం తెలుస్తుంది? ఆయన కూడా మోటారు జోలికి పోలేదు. మూడు రోజులు జీపును అటూ ఇటూ తిరిగి చూసి, నాలుగో రోజు డ్రైవరును పిలిచాడు.

"బిడ్డా, ఇరిగిన రాడ్లు ఏవీ? ఒకసారి తే."

తెచ్చి ముందేశాడు. పాతది, సలాకుది, తెగిన పట్టాది. ముసలాయన ఒక్కొక్కటి తిప్పి చూసి పక్కన పెట్టాడు.

"ఇవి సరే. ఇరగనిది ఏదీ?"

"ఉస్తాద్ చేసిందా తాతా? అది బండ్లనే ఉన్నది."

"గది గాదు. ముందురాడ్డు."

"దానికేమైంది? అది మంచిగనే ఉన్నది."

"మంచిగున్నదని ఎవరు చెప్పిండ్రు నీకు?"

"అది ఎన్నడు ఇరగలే గదా."

"అందుకే అడుగుతున్న. తియ్యి."

కాలి కింద రేకు విప్పారు. రెండు పొట్టి రాడ్లూ ఒకే పిన్ను మీద తిరుగుతాయి. ఆ పిన్నుకు గ్రీజు అంది ఎన్నేళ్లయిందో, బురదా తుప్పూ కలిసి గడ్డకట్టింది. కిరసనాయిలు పోసి, ఒక రాత్రి నాననిచ్చి, సుత్తెతో మెల్లగా కొడితే గానీ ఊడలేదు. ముందురాడ్డు బయటికొచ్చింది. పైకి కనబడే భాగం ఏ దెబ్బా లేకుండా ఉంది. రేకు కింద ఎవరూ చూడని కొన మాత్రం సగానికి అరిగిపోయింది. పిన్ను దూరే రంధ్రం గుండ్రం పోయి కోడిగుడ్డు వాటంలో సాగింది.

ముసలాయన ఆ కొనను వేలితో తడిమి, వెల్డింగ్ పిల్లాణ్ణి పిలిపించమన్నాడు. "నాకు కండ్లు కనబడయి. ఆ పెట్టె తెరిచి, లోపల ఏముందో ఉన్నదున్నట్టు చెప్పు బిడ్డా" అన్నాడు.

పిల్లాడు తెరిచాడు. లోపల రెండు కడ్డీలు పక్కపక్కన ఉన్నాయి. ముందురాడ్డు కొన ఒకదాని గాడిలో, బలంరాడ్డు కొన ఇంకోదాని గాడిలో కూచుంటాయి. రెండు కడ్డీల నడుమ ఒక రంధ్రంలో చింతగింజంత ఇనుప ముక్క. మొదటి కడ్డీ పూర్తిగా జరిగి తన చోటికి చేరితేనే ఆ ముక్క పక్కకు తప్పుకుంటుంది. అప్పుడే రెండో కడ్డీకి దారి. మొదటిది గోరంత వెనకబడ్డా ముక్క అడ్డంగానే ఉంటుంది, రెండోది కదలదు. పిల్లాడు వేలితో మొదటి కడ్డీని ఆ చివరిదాకా నెట్టి చూశాడు. రెండోది చిటికెన వేలితో జరిగింది.

వాడు అక్కడే నేలమీద కూలబడ్డాడు.

"తాతా, ఇది తాళం. ముందురాడ్డు కొన అరిగి కడ్డీని సగమే నెట్టుతున్నది. పైన చేతికి పూరాగ పడ్డట్టే కొడుతది. కింద పడతలేదు."

"తాళం పడ్డ తలుపును నాలుగు మాట్ల గుద్దిండ్రు మీరు. నాలుగోసారి తలుపు గట్టిదైతే గోడ పడ్డది" అన్నాడు ముసలాయన.

ఆ తర్వాతి పని ఆయనదే. కొనను తెల్లవారే వెలుతురు రంగు వచ్చేదాకా కాల్చి, దాగలి మీద నిలబెట్టి తలమీద గుద్దాడు. అరిగి సన్నబడ్డ ఇనుము లావెక్కింది. దాన్ని పక్కలకు సాగగొట్టి, ఆకురాయితో దించాడు. గాడిలో ఎక్కడ తగులుతుందో కన్ను చెప్పదు గనక దీపం మసి పట్టించి, గాడిలో పెట్టి, ఆడించి, తీసి చూసేవాడు. మసి చెరిగినచోట ఆకురాయి పెట్టడం, మళ్లీ మసి పట్టించడం. పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకు కుదిరింది. సాగిన రంధ్రంలోకి పిల్లాడు ఇత్తడి బుష్ చేసి దించాడు. ఆ ముందురాడ్డుకున్న రెండు వంకరలనూ ముసలాయన సరిచెయ్యనివ్వలేదు. ఒక వంకర పెద్ద గేరు రాడ్డుకు తగలకుండా, ఇంకోటి డ్రైవరు మోకాలుకు తగలకుండా పెట్టినవని ఆయనకు ముందే తట్టింది.

లోపల పగిలింది గేరును జరిపే ఫోర్కు. దాని కోసం పటేల్ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో రెండు రోజులు తిరిగాడు. ఆయన వచ్చేసరికి కొలిమిలో బలంరాడ్డు కొత్తది తయారవుతోంది. ఆయన దాన్ని పట్టుకుని చూసి మొహం చిట్లించాడు.

"మల్ల మెత్త ఇనుమేనా? ఉస్తాద్ చేసింది ఉన్నది గదా, అది పెట్టు."

"అది వద్దు పటేలా. దాంతోని గడ్డపార చేసుకుండ్రి. ఇది మెత్తగనే ఉండాలె."

"మల్ల వంగుతది గదా!"

"వంగాలె. లోపలున్నదానికంటే ముందు ఇది వంగాలె. ఇది వంగితె నేను కుంచెడు జొన్నలకు సాపు చేసిస్త. లోపలిది పగిలితె మీరు పట్నం పోవాలె."

"వాగుల మధ్యల వంగితె ఏం జెయ్యాలె?"

"దిగి, ఎక్కడ పట్టిందో చూడాలె. పైపు మాత్రం బండ్ల ఉండొద్దు."

పైపును పటేల్ భార్య పశువుల కొట్టం చూరు కింద నీళ్లు పోయేందుకు పెట్టించింది.

*

ఇక నీతి. ముసలివాళ్ల మాట వినాలన్నది ఇందులో నీతి కాదు. పెట్టె తెరిచి తాళం కనిపెట్టినవాడు పాతికేళ్లు నిండని వెల్డింగ్ పిల్లాడు. ముసలాయన ఒక ప్రశ్న అడిగాడు, జవాబు చూసింది వాడు. ఉస్తాద్ చేతగానివాడని కూడా కాదు. కథలో అందరికన్నా బాగా పనిచేసింది ఆయనే. లెక్కకు చూస్తే అందరికన్నా ఎక్కువ నష్టం తెచ్చింది ఆ మంచి పనే. సలాకు రాడ్డు ఒక సాయంత్రం పోగొట్టింది. పట్టా రాడ్డు ఒక అరచెయ్యి కోసింది. లోపం లేని మూడో రాడ్డు పెట్టెను పగలగొట్టి పంటను ముంచింది. నా మట్టుకు దీని నీతి ఇది: ఒక వస్తువు ఎందుకు విరిగిందో తెలిసేదాకా దాని బలం పెంచకూడదు. ఎందుకో వెతికేటప్పుడు విరగని దాన్ని కూడా విప్పి చూడాలి.

ఈ కథ కల్పితం గానీ, పెట్టెలోని తాళం కల్పితం కాదు. విల్లీస్ జీపుల్లో, వాటి నమూనాలోనే మన దేశంలో తయారైన పాత మహీంద్రా జీపుల్లో ఉండేది స్పైసర్ 18 అనే ట్రాన్స్‌ఫర్ కేసు. గేరుబాక్సు వెనక తగిలించిన ఆ ఇనుప పెట్టెకు రెండు రాడ్లు. ముందు చక్రాలు కలపనిదే తక్కువ గేరు పడకుండా లోపల అడ్డు పెట్టారు. ఎందుకంటే యుద్ధకాలపు జీపులో ఆ తక్కువ గేరు ఇంజను బలాన్ని 1.97 రెట్లు చేసేది. తర్వాత వచ్చిన పౌర జీపుల్లో 2.46 రెట్ల దాకా. 1953లో వచ్చిన సీజే-3బీ లెక్క తీస్తే, మొదటి గేరులో మామూలుగా ఇంజను సుమారు 15 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. తక్కువ గేరులో 37 చుట్లకు ఒకటి. అంత బలం వెనక ఇరుసొక్కదాని మీదే పడితే అది మెలిపడి తెగొచ్చు. ముందు ఇరుసు కూడా కలిస్తే బరువు పంచుకుంటాయి. చింతగింజంత ఇనుప ముక్క చేసే పని అదే. రాడ్డు కదలకపోవడం చెడిపోయిన గుర్తనుకున్నాడు డ్రైవరు. అది బండి తనను తాను కాపాడుకోవడం.

ఆ జీపులు ఇక్కడికి వచ్చిన తీరు కూడా ఒక కథే. 1945లో మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం మహమ్మద్ కలిసి పెట్టిన కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. దేశ విభజన తర్వాత గులాం మహమ్మద్ పాకిస్తాన్ మొదటి ఆర్థిక మంత్రిగా వెళ్లిపోయాడు, 1948లో కంపెనీ పేరు మారింది. విల్లీస్ విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడంతో మొదలైన పని, నెమ్మదిగా అన్నీ ఇక్కడే చేసుకునేదాకా వచ్చింది. 1952లో కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పథకం మొదలై బ్లాకులు ఏర్పడ్డాక పల్లెటూళ్లకు సర్కారు అంటే జీపే. అమెరికాలో సీజే-3బీ 1968లో ఆగిపోయింది. మన దగ్గర దాని వారసులు ఆ తర్వాతా చాలాకాలం నడిచాయి, అందుకే వేలాల్లోంచి ఊళ్లలోకి వచ్చాయి. ఇప్పుడు నారాయణఖేడ్‌కు దగ్గర్లోని జహీరాబాద్‌లోనే మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది. అయినా పాత జీపు పొట్టిరాడ్డు ఒకటి కావాలంటే పాత సామాన్ల బజార్లలో వెతుక్కోవాలి, దొరక్కపోతే కొలిమి దగ్గరికే పోవాలి.

కొలిమి దగ్గరికి పోయేవాళ్లు ఇనుములో రకాలు తెలుసుకోవడం మంచిది. మెత్త ఇనుమంటే మైల్డ్ స్టీలు, అందులో కార్బన్ 0.25 శాతం లోపే. బాగా వంగుతుంది, ముందుగా చెప్పి మరీ వంగుతుంది. ఇరుసులకూ పిన్నులకూ వాడే ఈఎన్-8లో సుమారు 0.4 శాతం ఉంటుంది. లారీ కమాన్ పట్టాల్లో సాధారణంగా 0.5 నుంచి 0.6 శాతం కార్బన్, పైగా సిలికాన్ కూడా ఉంటుంది. కాల్చి ముంచితే చాలా గట్టిపడుతుంది గానీ, అలాగే వదిలేస్తే పెళుసు. మళ్లీ వేడిచేసి ఆ పెళుసుదనం తగ్గించాలి. ఉస్తాద్ చూసిన రంగులు అందుకే. గడ్డిరంగు సుమారు 230 డిగ్రీల దగ్గర వస్తుంది, నీలం 300 దగ్గర. థర్మామీటరు లేని కొలిమిలో ఇనుమే తన వేడి ఎంతో చెబుతుంది.

ఈ విద్య ఈ నేలకు కొత్తది కాదు. నిజామాబాద్ దిక్కున కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి కూచునేవాళ్లు. త్రికోణమితి సర్వేలో పనిచేసిన హెన్రీ వాయ్సీ అనే వైద్యుడు ఆ పని కళ్లారా చూసి రాసిపెట్టాడు. అతను పోయాక 1832లో అది కలకత్తాలో అచ్చయింది. అక్కడ ఉన్న పర్షియా వర్తకుడు, తమ దేశంలో అదే పద్ధతిలో చేసి చూశామనీ కుదరలేదనీ చెప్పాడట. చేసే తీరు చూశారు, చేతులు పెట్టారు, ఉక్కు రాలేదు. కారణం ఆ మట్టిలోనో బొగ్గులోనో ఖనిజంలోనో ఉండాలి. పైకి కనబడే పనిని మాత్రం వాళ్లు అచ్చంగా దింపి ఉంటారు, మన పిల్లాడు సలాకు రాడ్డు దింపినట్టు.

పాత రాడ్డును చూసి కొత్తది చేసేవాళ్లు అందరూ చేసే తప్పు ఇక్కడే ఉంది. చేతిలో ఉన్నది నలభై ఏళ్లు అరిగిన రాడ్డు. దాన్ని మిల్లీమీటరు తేడా లేకుండా దింపితే అరుగుదలను కూడా దింపినట్టే. కొన కొలత రాడ్డు మీద తీసుకోకూడదు, అది కూచునే గాడి మీద తీసుకోవాలి. రంధ్రం కొలత పిన్ను మీద తీసుకోవాలి, అదీ పిన్నులో అరగని చోట. వంకరలు మాత్రం రాడ్డు మీదే చూడాలి, వాటిని అందంకోసం సాపు చెయ్యకూడదు. అతుకు వెయ్యక తప్పకపోతే పిన్ను రంధ్రానికీ మోకాలి వంపుకూ దూరంగా వెయ్యాలి, బలం అంతా అక్కడే పడుతుంది. ఇవన్నీ చేసేముందు పిన్ను ఊడదీసి తుడిచి గ్రీజు పెట్టి ఒకసారి లాగి చూడాలి. కొత్త రాడ్డు అవసరమే లేదని తేలే సందర్భాలు తక్కువేమీ కావు.

ట్రాక్టరు వెనక రోటవేటరు తిప్పే రైతులకు ఇదంతా వేరే పేరుతో తెలుసు. చాలా పనిముట్లకు ట్రాక్టరు నుంచి బలం తెచ్చే షాఫ్టులో షియర్ బోల్టు ఉంటుంది. రాయి తగిలితే బోల్టు తెగి గేరుబాక్సు బతకడానికే దాన్ని మెత్తగా పెడతారు. సాలుకు రెండుసార్లు తెగితే చిరాకొచ్చి, బజారుకు పోయి తల మీద 10.9 అని అచ్చున్న గట్టి బోల్టు తెచ్చి బిగిస్తారు. ఇక బోల్టు తెగదు. గేరుబాక్సు పళ్లు పోతాయి. బోరు మోటారుకు ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ పడుతోందని దాని ముల్లు పైకి తిప్పి పెట్టేవాళ్లూ ఇంతే. రిలే నోరు మూస్తుంది, వైండింగ్ కాలుతుంది. బోల్టు చేసినవాడు మోసగాడని, రిలే నాసిరకమని తిట్టేవాళ్లే గానీ, చేనులో రాళ్లు ఏరదామనో, బోరులో పూడిక తీయిద్దామనో అనేవాళ్లు తక్కువ. చేతికి అందేది బోల్టు కదా.

అయితే ఈ నీతిని జీపంతటికీ పూయకూడదు. కమ్మరి ముసలాయన మెత్త ఇనుము వాడింది, వంగినా మనిషి ప్రాణం మీదికి రాని రాడ్డుకు. వాగులో బలంరాడ్డు వంగితే బండి ఆగుతుంది, బట్టలు తడుస్తాయి. స్టీరింగు నుంచి చక్రానికి పోయే ఆర్ముల సంగతి వేరు, బ్రేకు పెడలు కింద ఉండే లీవరు సంగతి వేరు. అవి ముందుగా లొంగడానికి పెట్టినవి కావు, ఏం జరిగినా నిలబడడానికి పెట్టినవి. వాటిని దిమ్మ ఇనుమును అచ్చుల్లో సుత్తె దెబ్బకు సాగగొట్టి చేస్తారు, పగుళ్లున్నాయేమో పరీక్షించి పంపుతారు. పాత జీపుల వాళ్లు అరిగిన స్టీరింగు ఆర్ముకు అతుకు వేయించుకుని తిరగడం ఇప్పటికీ కనబడుతుంది. పైన పెయింటు పూసేస్తే అతుకు ఎక్కడుందో కూడా తెలియదు. అలాంటిది చేసి పెట్టమని ఎవరైనా కొలిమి దగ్గరికి వస్తే ఎంత డబ్బిస్తానన్నా చెయ్యనని చెప్పి పంపాలి, వాళ్లు రాణిగంజ్‌కు పోయి కొత్తది తెచ్చుకోవాలి, దొరికేదాకా జీపు చెట్టు కిందే ఉండాలి.